మీరెవరికి ఉత్తరం రాస్తారు?

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణకు వచ్చిన వరదను మా కొల్లూరు వైపు వాళ్లెవరూ మరచిపోలేరు. ప్రకాశం బ్యారేజీ నుంచి దాదాపు 11 లక్షల క్యూసెక్కుల నీళ్లు కిందికి వచ్చాయి. లంకల్లోని జనం పశువుల్ని తోలుకుని, చేతికందిన సామాను నెత్తిన పెట్టుకుని కరకట్ట ఎక్కారు. నా చిన్ననాటి స్నేహితుడి అరటి తోట మొత్తం మునిగింది. గెలలు కోతకు రావడానికి ఇంకో నెల ఉంది. పక్క చేలో వేసిన పసుపు, కంద కూడా దక్కలేదు.

అప్పటికి నేను ఊరొదిలి పాతికేళ్లయింది. విజయవాడలో ఉద్యోగం. నీళ్లు తీసి దారి తెరుచుకోగానే బస్సెక్కాను. తెనాలి దాటిన దగ్గర్నుంచి వాడికేం చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయని చెబుదామనుకున్నాను. పోయింది డబ్బేగా, ప్రాణాలు దక్కాయి అందామనుకున్నాను. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు తెగ చదువుతున్న రోజులవి. మాటలకు కొదవ లేదు.

వాడు కట్ట మీద తాటిమొద్దు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని, తెచ్చిన మాటలన్నీ అప్పజెప్పాను. చివరిదాకా విన్నాడు. విని, "ఒరేయ్, ఇవి నీ మాటలు కావు. ఊరికే కూర్చో" అన్నాడు.

కోపంగా అనలేదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే చూసి చెప్పినట్టు చెప్పాడు. అలాగే కూర్చున్నాం. బురద వాసన, కుళ్లిపోతున్న అరటి బోదెల వాసన. నీళ్లు తీసిన చోట చేను రంగు మారిపోయి ఉంది. చాలాసేపటికి వాడే అడిగాడు, "బొమ్మలేస్తున్నావా?" అని.

చిన్నప్పుడు నాకు బొమ్మల పిచ్చి. రేవులో పడవలు, అరటి గెలలు మోసే మనుషులు, కట్ట మీద మేసే గేదెలు, ఏది కనిపిస్తే అది గీసేవాణ్ణి. కాగితం లేకపోతే బొగ్గుముక్కతో గోడ మీద. వాడు పద్యాలు పాడేవాడు. గొంతు బాగుండేది. సాయంత్రాలు ఇద్దరం కట్టెక్కి, వాడు పాడుతుంటే నేను గీసుకుంటూ కూర్చునేవాళ్లం. ఉద్యోగంలో చేరాక నా చెయ్యి పెన్సిలు ముట్టలేదు. ఆ మాట వాడితో చెప్పాను. వాడు ఏమీ అనలేదు.

ఈ అధ్యాయం ఆ రెండు మాటల గురించి. ఒకటి, "ఇవి నీ మాటలు కావు". రెండోది, "బొమ్మలేస్తున్నావా". మనది కానిదాన్ని పట్టుకుని చూపించడం, మనదైనదాన్ని గుర్తుచేయడం. ఈ రెండూ మనకు మనం చేసుకోవడం చాలా కష్టం. మనం మనలా బతకాలని అందరం అంటాం. దాన్నేదో గది తలుపులు వేసుకుని ఒంటరిగా చేసే తపస్సులా చెబుతాం. నా జీవితంలో అది ఒంటరిగా జరగలేదు. తమలా తాము బతికిన మనుషుల జీవితాలు తిరగేసి చూసినా, వాళ్ల పక్కన నిజం చెప్పే ఒకరిద్దరు స్నేహితులు, రోజూ చేతిలో ఆడే ఒక పని కనిపిస్తూనే ఉంటాయి.

ముందుగా మీతో ఒక చిన్న పని చేయించాలి. మన ఇళ్లలో పుట్టిన దగ్గర్నుంచీ వినే మాట ఒకటుంది, "నలుగురూ ఏమనుకుంటారు?" అని. చదువు, పెళ్లి, ఇల్లు, కట్టే చీర, పెట్టే భోజనం, అన్నీ ఆ నలుగురి కోసమే. ఒక కాగితం తీసుకుని ఆ నలుగురి పేర్లూ రాయండి. నిజంగానే రాయండి. చదువుతూ పోకండి.

నేను రాయడానికి కూర్చున్న రోజు మొదటి పేరు తేలిగ్గానే వచ్చింది, మా పెద్ద మామయ్య. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. రెండో పేరు ఆఫీసులో నా పై అధికారి. ఆయన వేరే ఊరికి బదిలీ అయి వెళ్లిపోయాడు, ఇప్పుడు కనిపిస్తే నా పేరు గుర్తు తెచ్చుకోవడానికే ఇబ్బంది పడతాడు. మూడో పేరు దగ్గర కలం ఆగిపోయింది. నాలుగోది రానే లేదు. పాతికేళ్లుగా ఎవరికి భయపడి బతికానో వాళ్లలో ఒకరు లేరు, ఒకరికి నేను గుర్తు లేను, మిగతా ఇద్దరు అసలు పుట్టనే లేదు. ఆ కాగితం చాలాకాలం నా పర్సులో పెట్టుకుని తిరిగాను.

ఈ పని చేశాక కొందరికి ఒక పేరు గట్టిగా నిలబడుతుంది. అమ్మో, భార్యో, ఒక గురువో. ఆ పేరును కొట్టేయకండి. ఆ మనిషి ఏమనుకుంటారో అన్న బెంగలో భయం కంటే ప్రేమ ఎక్కువ ఉంటుంది. ఊహించుకోవడం మానేసి, వెళ్లి ఆ మనిషినే అడగండి. మనం ఊహించుకున్న జవాబుకూ, వాళ్ల నోటి నుంచి వచ్చే జవాబుకూ చాలాసార్లు పొంతన ఉండదు.

ఆ వరద తర్వాతి నెలల్లోనే నేను సంజీవదేవ్‌ను మళ్లీ చదవడం మొదలుపెట్టాను. ఆయన పేరు మా ప్రాంతంలో పెద్దవాళ్లకు బాగా తెలుసు, పిల్లలకు ఇప్పుడు అంతగా తెలియదు. ఇది నాకు బాధ కలిగించే సంగతి. సూర్యదేవర సంజీవదేవ్ 1914 జూలై 3న తెనాలి ప్రాంతంలో, దుగ్గిరాల దగ్గరున్న తుమ్మపూడిలో పుట్టారు. పసుపు పండే నేల, రైతు కుటుంబం. పెద్ద డిగ్రీలేవీ లేవు. చదువంతా సొంతంగా చదువుకున్నదే. వయసులో ఉండగా హిమాలయాల దారి పట్టారు. కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడిన రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ దగ్గర గడిపారు. మంచుకొండల మీద పడే వెలుగును రోరిక్ ఎన్ని రంగుల్లో వేశాడో ఆయన బొమ్మలు చూసినవాళ్లకు తెలుస్తుంది. అంతటి కొండల్లో, అంతటి కళాకారుడి సాన్నిధ్యంలో బతికిన యువకుడు అక్కడే ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఆయన తిరిగొచ్చారు. తుమ్మపూడికే వచ్చారు. 1999 ఆగస్టు 25న కన్నుమూసేదాకా ఆ ఊరే ఆయన చిరునామా.

మన కథల్లో ఎప్పుడూ వెళ్లిపోయేవాడే వీరుడు. ఇల్లు వదిలాడు, ఊరు వదిలాడు, తనను తాను తెలుసుకున్నాడు అంటాం. తిరిగొచ్చినవాడి గురించి చెప్పుకోం. వెళ్లడం కంటే తిరిగొచ్చి ఉండటమే కష్టమని నేననుకుంటాను. కొండల్లో మనల్ని ఎరిగినవాళ్లు ఉండరు కాబట్టి ఎలా ఉన్నా చెల్లుతుంది. సొంత ఊళ్లో మన తాత ఎవరో, మనం చిన్నప్పుడు ఏ చెట్టు మీంచి పడ్డామో అందరికీ తెలుసు. వాళ్ల మధ్య కూర్చుని మబ్బుల బొమ్మలు వేసుకుంటూ, రసం గురించీ రేఖ గురించీ వ్యాసాలు రాసుకుంటూ బతకడానికి ఎంత నిబ్బరం కావాలి! ఆయన పాస్టెల్ రంగులతో బొమ్మలు వేశారు, ఫోటోలు తీశారు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశారు. 'రసరేఖ' వంటి వ్యాస సంపుటాలు వచ్చాయి. ఆత్మకథను 'తెగిన జ్ఞాపకాలు', 'స్మృతి బింబాలు', 'గతంలోకి' అని మూడు పుస్తకాలుగా రాశారు. ఆ తర్వాత మూడూ కలిపి ఒకే పుస్తకంగా వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు 'తుమ్మపూడి'. ఒక మనిషి ఆత్మకథకు తన ఊరి పేరు చాలింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇస్తే, అది తుమ్మపూడిలో ఉన్న మనిషికే వచ్చింది.

ఆ నిబ్బరం ఎక్కడిది? నాకు తోచిన జవాబు ఒకటే, ఉత్తరాలు. ఆయన జీవితమంతా ఉత్తరాలు రాశారు. దేశంలోని కళాకారులకు, పండితులకు, ఊరూపేరూ తెలియని కుర్ర రచయితలకు, బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలకు. ఆ ఉత్తరాలు పుస్తకాలుగా వచ్చాయి. 'లేఖల్లో సంజీవదేవ్' వాటిలో ఒకటి. ఆయన ఊళ్లో ఒంటరిగా ఉన్నారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రోజూ పోస్టుమ్యాను సంచిలో ఆయన స్నేహితులు వచ్చి వెళుతూనే ఉన్నారు. ఎవరికి రాస్తే వాళ్లకే రాయడం, ఆ మనిషి మనసుకు అందేలా రాయడం ఆయనకు తెలుసు. ఉత్తరంలో ఆయన తుమ్మపూడిలోనే ఉంటారు. ఆ ఋతువు, ఆ పొద్దు, ఆకుల మీది వెలుగు, అప్పుడే మూసిన పుస్తకం, అన్నీ అందులో ఉంటాయి.

ఫోన్లుండగా ఇప్పుడు ఉత్తరమెందుకని మీరు అడుగుతారు. నేను కూడా అడిగాను. అడిగి, రాసి చూశాక తెలిసింది. ఫోనులో అవతలి వాళ్ల "ఊ" వినబడుతుంటుంది. ఆ "ఊ" కాస్త ఆలస్యమైతే మన మాట దిశ మార్చుకుంటుంది. వాళ్లకు నచ్చేవైపు జరుగుతాం, మనకు తెలియకుండానే. ఉత్తరంలో "ఊ" కొట్టేవాళ్లు లేరు. మొదలుపెట్టిన వాక్యాన్ని ఎక్కడిదాకా తీసుకెళతామో మనమే తేల్చుకోవాలి. రాసింది కళ్ల ముందు ఉంటుంది. అందులో మనది కాని మాట ఉంటే అన్నంలో రాయిలా తగులుతుంది.

కాబట్టి ఈ అధ్యాయంలో నేను చెప్పే సాధన ఇదే. నెలకు ఒక ఉత్తరం, ఒకే మనిషికి. ఎలా రాయాలో నాకు తెలిసినంతలో చెబుతాను. మొదటి వాక్యంలో క్షేమసమాచారాలు వద్దు. మీరు కూర్చున్న చోట కళ్లకు కనిపిస్తున్నదాంతో మొదలుపెట్టండి. కిటికీలోంచి ఏం కనిపిస్తోంది, వంటింట్లోంచి ఏం వాసన వస్తోంది, వీధిలో ఎవరు వెళుతున్నారు. కంటికి కనిపించేది రాసేటప్పుడు మనిషి అబద్ధం ఆడలేడు. ఆ వేగంలోనే లోపలి మాట కూడా వచ్చేస్తుంది. ఇంకో సంగతి, సలహాలు రాయకండి. అవతలి మనిషి అడిగితే తప్ప. నేను మొదట్లో నా చిన్ననాటి స్నేహితుడికి రాసిన ఉత్తరాలన్నీ సలహాలే. వాటిని మా వాడు చదివాడో లేదో కూడా నాకు చెప్పలేదు. ఒకసారి మాత్రం, మా అపార్టుమెంటు డాబా మీద ఒక ముసలాయన రోజూ పొద్దున్నే పావురాలకు జొన్నలు వేస్తూ వాటితో మాట్లాడుతుంటాడని రాశాను. దానికి వెంటనే జవాబొచ్చింది. "ఆయన ఏం మాట్లాడతాడో విని రాయి" అని.

రాయడానికి మనిషి దొరకడం లేదని కొందరు నాతో అంటారు. దీనికి మన పెద్దల మాటే జవాబు, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. మీ స్నేహితుల్లో, బంధువుల్లో ఒక మనిషి ఉంటారు. వాళ్ల దగ్గర మీ యాస మారదు. ఊరి మాట ఊరి మాటలాగే వస్తుంది. వాళ్లింటికి వెళ్లేటప్పుడు ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచించరు. మీ విజయం చెబితే సంతోషిస్తారు కానీ అదే మళ్లీ మళ్లీ చెబితే వేరే సంగతి అడుగుతారు. బహుశా ఆ మనిషితో మీరు మాట్లాడి రెండేళ్లయి ఉంటుంది. కారణం గొడవేమీ కాదు, అంతే. మాట్లాడకపోవడానికి సిగ్గుపడి ఇంకా మాట్లాడకుండా ఉంటాం. ఆ సిగ్గును ఉత్తరం మొదటి వాక్యంలో రాసేసి ముందుకు వెళ్లండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ఇవన్నీ సొంత పొలం ఉన్నవాళ్లకు చెల్లుతాయి, జీతానికి పనిచేసేవాళ్లకు తమలా తాము ఉండే వీలెక్కడిది? ఇది నిజమైన ప్రశ్న. మా తెనాలి వాళ్లలోనే దీనికి మంచి జవాబు ఉంది.

కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో పుట్టారు. హేతువాది, మార్క్సిస్టు. మూఢనమ్మకాల మీద, మధ్యతరగతి ఆత్మవంచన మీద ఆయన కలం ఎంత పదునో 'చదువు' నవల చదివినా తెలుస్తుంది. అలాంటి మనిషి 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ' పత్రికను నడిపారు. రాజులు, రాక్షసులు, బేతాళుడు, దేవతలు. పత్రికలో సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది కాదు, చక్రపాణి పేరు ఉండేది. చక్రపాణిదీ తెనాలే. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయ వచ్చి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని శరత్ నవలల్ని తెలుగు చేసిన మనిషి. ఆయన, నాగిరెడ్డి కలిసి 1947 జూలైలో 'చందమామ' మొదలుపెట్టారు.

కుటుంబరావు తన నమ్మకాలకు ద్రోహం చేశారా? నేను గట్టిగా కాదంటాను. దేవుడి కథ రాసినా, దెయ్యం కథ రాసినా వాక్యం మాత్రం ఆయనదే. అనవసరమైన మాట ఒక్కటి లేకుండా, పిల్లవాడు తడుముకోకుండా చదివేలా, అర్థం కాని చోట భక్తితో కప్పేయకుండా రాయడం, పిల్లల తెలివిని గౌరవించే మనిషికే సాధ్యం. తన పేరుతో రాయాల్సిన కథలు, నవలలు, వ్యాసాలు వేరే రాస్తూనే ఉన్నారు. పొద్దున పనిచేసిన చెయ్యీ, రాత్రి రాసిన చెయ్యీ ఒకటే. అదే పత్రికలో, మా తెనాలి ప్రాంతంలోని పెదగాదెలవర్రులో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'మకరదేవత', 'రాకాసిలోయ' వంటి సీరియల్స్ రాశారు. ఊళ్లలో పిల్లలు వాటి కోసం నెలంతా ఎదురుచూసేవాళ్లు. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, పేరు వేసేవారు కాదు. తన పేరు కనబడకపోతే తానే లేనట్టు కుంగిపోయేవాళ్లు ఆ సీరియల్స్ ఒకసారి చదవాలి. ప్రతి వాక్యంలోనూ మనిషి కనిపిస్తాడు.

నా విషయంలో నేను చేసిన పొరపాటు ఇక్కడే. ఉద్యోగం నా కళను మింగేసిందని చాలా ఏళ్లు అందరితో చెప్పుకున్నాను. లెక్క వేసి చూస్తే ఉద్యోగం నా దగ్గర రోజుకు పది గంటలు తీసుకుంది. మిగతాది మొహమాటం తీసుకుంది. రమ్మన్న ప్రతి ఫంక్షనుకూ వెళ్లాను. కూర్చోమన్న ప్రతి చోటా కూర్చున్నాను. ఇష్టం లేని కబుర్లకు తలాడించాను. ఇంటికొచ్చి అలసిపోయానని పడుకున్నాను.

మొహమాటం మన తెలుగువాళ్లకు మంచితనం వేషంలో వస్తుంది. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. దీని గురించి తలచుకున్నప్పుడల్లా నాకు చిత్తూరు నాగయ్య గుర్తొస్తారు. 1904లో మా పక్కన రేపల్లెలో పుట్టిన మనిషి. 'త్యాగయ్య'లో నటించి, దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, 'యోగి వేమన'గా జనం గుండెల్లో నిలబడి, 1965లో పద్మశ్రీ అందుకున్నారు. అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చారు. చివరి రోజుల్లో ఆయనకే ఇబ్బందులు వచ్చాయి. ఆయనది మొహమాటమని నేననను. ఆ దానగుణం ముందు తల వంచుతాను. నేననేది తీసుకున్నవాళ్ల గురించి. అంత ఇచ్చిన మనిషి చుట్టూ, "అయ్యా, ఇక చాలు, మీకోసం కొంత ఉంచుకోండి" అని చెయ్యి పట్టుకుని ఆపే స్నేహితులు ఇంకొంతమంది ఉండాల్సింది. మీకు ఎప్పుడూ ఇచ్చే స్నేహితుడు ఒకడుంటే, ఈసారి అడగబోయే ముందు వాడి ఇంటికి వెళ్లి కూర్చుని, వాడి పరిస్థితి ఎలా ఉందో చూడండి.

ఇక మీరే కాదనాల్సి వచ్చినప్పుడు. కారణాలు పోగేయకండి. ఒంట్లో బాగాలేదని, ఊళ్లో లేనని చెప్పకండి. ఒక అబద్ధం చెప్పి తప్పించుకున్న సాయంత్రం మనది కాదు, ఎవరైనా చూస్తారేమోనని ఇంట్లోనే దాక్కుంటాం. "ఈ ఆదివారం రాలేను బాబాయ్, ఆ పూట నా పని ఒకటి పెట్టుకున్నాను" అంటే చాలు. ఏం పని అని అడిగితే, బొమ్మలు వేసుకుంటానని చెప్పండి. మొదటిసారి నేనలా చెప్పినప్పుడు చెవులు వేడెక్కాయి. అవతల మా బాబాయి, "ఏం బొమ్మరా? మా పాపాయిది కూడా వెయ్యకూడదూ?" అన్నారు. అంతే. పాతికేళ్లు భయపడిన సంగతి అంతే.

వేషం వేయాల్సిన చోట్లు జీవితంలో ఉంటాయి. అన్నింటినీ వదిలేసుకోమని నేను చెప్పను. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు జీవితమంతా ఆడవేషాలు కట్టారు. తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాల్లో సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా. సత్యభామ నడక చిత్రాంగికి రాకూడదని, ఒక్కో పాత్రకు చీర కట్టు నుంచి చూపు దాకా విడిగా సాధన చేసిన మనిషి. తన పాత్రల గురించి 'నటస్థానం' అని పుస్తకమే రాశారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. అన్నేళ్లు వేరేవాళ్లుగా బతికినా ఆయన తనను పోగొట్టుకోలేదు. వేషం ఎప్పుడు కడుతున్నారో, ఎప్పుడు విప్పుతున్నారో ఆయనకు తెలుసు. మనకు విప్పడం గుర్తుండదు, అదే మన ఇబ్బంది. ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కోవడం మన పెద్దలు నేర్పారు. దాంతోపాటు ఒక పావుగంట ఎవరితోనూ మాట్లాడకుండా, చేతితో ఏదైనా చేయండి. పూలమొక్కకు పాదు చేయండి, కూరగాయలు తరగండి, ఒక గీత గీయండి. ఫోను మాత్రం ముట్టకండి.

కళ అనగానే ప్రదర్శన, బహుమతి, నలుగురి మెప్పు గుర్తొస్తాయి. వాటిని కొంతకాలం పక్కన పెట్టండి. నేను మళ్లీ మొదలుపెట్టినప్పుడు వేసిన మొదటి యాభై బొమ్మలు బాగాలేవు. పాతికేళ్ల తుప్పు అంత తేలిగ్గా వదలదు. చెయ్యి వణికింది, పడవ గీస్తే తొట్టిలా వచ్చింది. అయినా ఆ అరగంట రోజులో మిగతా అన్ని గంటలకంటే వేరుగా ఉండేది. ఆ అరగంటలో నేను ఎవరికీ ఏమీ నిరూపించడం లేదు. ఒక తాటిచెట్టు ఎలా వంగిందో చూస్తున్నాను, అంతే. రోజుకు అరగంట చాలు. ఎక్కువ పెట్టుకుంటే వారంలో మానేస్తారు. ఒకే చోటు, ఒకే వేళ. వేసినదాన్ని ఒక్క మనిషికి మాత్రం చూపించండి, ఎవరికి ఉత్తరం రాస్తున్నారో వాళ్లకు. ఆ ఒక్కరికీ చూపించకుండా దాచుకుంటే కొన్నాళ్లకు మన తప్పులే మనకు ముద్దొస్తాయి.

స్నేహితుడికి నిజం చెప్పడం గురించి కూడా రాయాలి. ఎందుకంటే ఆ పేరుతో మనుషుల్ని గాయపరిచేవాళ్లను చాలామందిని చూశాను. "నేను మొహం మీదే చెప్పేస్తాను" అని గొప్పగా చెప్పుకునేవాళ్ల నిజంలో తమ గొప్పే ఎక్కువ. మా వాడు నాకు ఆ మాట చెప్పడానికి ముందు నా మాటలన్నీ చివరిదాకా విన్నాడు. చెప్పిన తర్వాత లేచి వెళ్లిపోలేదు, పక్కనే కూర్చోనిచ్చాడు. తోట పోయిన రోజుల్లో, తన బాధ పక్కన పెట్టి, నా బొమ్మల గురించి అడిగాడు. నిజం చెప్పే హక్కు అలా వస్తుంది. వినడానికి ఓపిక లేని రోజున, చెప్పాక పక్కన ఉండే తీరిక లేని రోజున, ఆ నిజాన్ని మీ దగ్గరే అట్టిపెట్టుకోండి.

2024 సెప్టెంబరు 1, 2 తేదీల్లో కృష్ణ మళ్లీ వచ్చింది. ఈసారి బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకుముందు ఎప్పుడూ లేనంత. లంకలు మళ్లీ మునిగాయి. మా వాడికి ఇప్పుడు వయసైపోయింది, కొడుకు సేద్యం చూస్తున్నాడు. అరటి మళ్లీ పోయింది. నేను రిటైరై నాలుగేళ్లు. వెళ్లాను. కట్ట మీద కూర్చున్నాం. ఈసారి నా దగ్గర చెప్పడానికి మాటలేమీ లేవు. సంచిలో డ్రాయింగు పుస్తకం ఉంది కానీ అది ఆ రోజు తీసేది కాదు. సాయంత్రానికి పునరావాస కేంద్రం నుంచి వాడి కోడలు అన్నం పొట్లాలు తెచ్చి, "మీరూ తినండి మామయ్యగారూ" అంది. తిన్నాం. చీకటి పడ్డాక వాడు చిన్నగా ఒక రాగం అందుకున్నాడు. గొంతు బొంగురుపోయింది. పద్యం సగంలో ఆగింది. నేను మిగతా సగం అడగలేదు.

ఇంటికొచ్చాక వాడికి ఉత్తరం రాశాను. ఆ రాత్రి కట్ట మీద కట్టేసిన గేదెలు వరుసగా పడుకుని నెమరేస్తుంటే, లాంతరు వెలుతురులో వాటి కళ్లు ఎలా మెరిశాయో రాశాను. కింద చిన్న బొమ్మ గీశాను.

మీకూ ఒక పేరు ఈపాటికి మనసులో మెదిలే ఉంటుంది. ఈ పేజీ మడిచి పెట్టి, రేపు పోస్టాఫీసుకు వెళ్లండి. ఒక కార్డు చాలు.